మూడు కొట్టిన గడియారం

కూర్చోమని పరిశోధకుడు రెండుసార్లు అన్నా ఆమె కూర్చోలేదు. గుమ్మానికి ఇవతల ఒక్క అడుగు మాత్రం పెట్టి, చేతిసంచీని గుండెకు అదుముకొని నిలబడింది. పదేళ్ళ క్రితం న్యాయస్థానపు వసారాలో ఆ ముఖాన్ని ఆయన చూశాడు. ఆనాడు ఆ చూపును తప్పించుకోవడానికి పక్క ద్వారం గుండా వెళ్ళిపోయాడు. ఈ యింటికి ఉన్నది ఒకటే ద్వారం.

“మీ ముఖం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నానండీ. గతిలేక వచ్చాను,” అన్నది ఆమె. “మా తమ్ముణ్ణి మళ్ళీ పట్టుకుపోయారు.”

ఆమె తమ్ముడు వేలంశాలలో పాలిష్ మేస్త్రి. పాత కంచు విగ్రహాలకు పట్టిన చిలుము వదిలించి, వాటి అసలు రంగు చెడకుండా మెరుగుపెట్టడం అతని వృత్తి. నిన్న, గురువారం మధ్యాహ్నం, ఆ వేలంశాల మేడమీది గదిలో వృద్ధుడైన గడియారాల మేస్త్రి తల పగిలి చనిపోయి ఉన్నాడు. పక్కనే రథసారథి బొమ్మ గల బరువైన కంచు గడియారం నేలమీద పడి ఉన్నది. పడిన దెబ్బకు అది మూడు గంటల ముప్పై అయిదు నిమిషాల దగ్గర ఆగిపోయింది. మూడు నుంచి నాలుగు వరకు మేడమీద హతుడు కాక ఇంకొక మనిషి ఉన్నాడంటే అతడు పాలిష్ మేస్త్రి ఒక్కడే. ఒకసారి జైలుకు వెళ్ళివచ్చినవాడు. ఇన్‌స్పెక్టరుకు అంతకుమించి అక్కరలేకపోయింది. ఈ సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

పరిశోధకుడు తల వంచుకొని విన్నాడు. ఆ మొదటి జైలుశిక్షకు ఆధారం ఆయన సాక్ష్యమే. పదేళ్ళ క్రితం ఒక కళాసంగ్రాహకుని ఇంట్లో నాట్యగత్తె కంచుబొమ్మ మాయమైంది. దొంగ చేయి తగిలి కిందపడిన నెమలి గడియారం పదకొండూ పదికి ఆగింది. ఆ వేళ ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నవాడు బొమ్మలు తుడవడానికి వచ్చిన ఈ మేస్త్రి. “గడియారానికి చుట్టాలు లేరు, పగవాళ్ళు లేరు. అది అబద్ధమాడదు,” అని ఆయన బోనులో నిలబడి చెప్పిన మాటను మరునాడు పత్రికలన్నీ అచ్చువేశాయి.

“మీ మాట మీద నాలుగేళ్ళు లోపలున్నాడు,” అన్నది ఆమె. “మీరు అబద్ధం చెప్పారనడం లేదు. నిజమనుకునే చెప్పారు. అదే నా కడుపుమంట. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట బయటపడి ఉండేది.”

ఆమెకు ఆయన చెప్పవలసినది ఒకటి ఉన్నది, అది చెప్పలేదు. సోమవారం నాడు, చనిపోయిన ఆ గడియారాల మేస్త్రి తనకు ఫోను చేశాడు. ఆ పాత కేసులోని నెమలి గడియారం వేలానికి వచ్చి తన బల్ల ఎక్కిందని, ఒక్కసారి వచ్చి దానిని వినాలని అడిగాడు. ఆ కేసు పేరు వినడమే యిష్టం లేక, వచ్చేవారం చూద్దామని చెప్పి ఈయన ఫోను పెట్టేశాడు. ఆ వచ్చేవారం ఇంకా రాలేదు. మేస్త్రి దానిని చూడడు.

“తల్లీ, నేను వెళతాను,” అని మాత్రం అన్నాడు.

“వెళ్ళి అతనికి చెప్పమంటారా మీరొస్తున్నారని? స్టేషనుకే పోతున్నాను, అన్నం పట్టుకుని.”

“చెప్పండి,” అన్నాడు పరిశోధకుడు, ధైర్యం కలుగుతుందనే తలంపుతో.

*

వేలందారు తన గదిలో ఆయనను ఎదురువచ్చి ఆహ్వానించాడు. ముప్పై యేళ్ళుగా సుత్తి పట్టి, ఒకటోసారి, రెండోసారి అంటూ జనం నాడి పట్టినవాడు. కంఠంలో తేనె, కళ్ళలో తరాజు. వృద్ధమేస్త్రి మరణం తన కుడిభుజం విరిగినంత పని చేసిందని, అయినా రేపటి వేలాన్ని ఆపలేనని, పాటదారులు దూరాల నుంచి వచ్చి కూర్చున్నారని వరుసగా వివరించాడు. పరిశోధకుడు ఆ దుఃఖమంతా విని, తరువాత వేళలను గురించి అడిగాడు.

వేలందారు చెప్పిన లెక్క ఇది. గురువారం వస్తువులను పాటదారులకు ముందుగా చూపించే రోజు. పన్నెండింటికి కింది హాలులో రథసారథి గడియారం గంటలు కొట్టడాన్ని ముప్పైమంది చుట్టూ చేరి విన్నారు. అది పన్నెండూ తప్పకుండా కొట్టింది. తరువాత దాని అద్దపు తలుపు బిగువు తగ్గిందని మేడమీది మేస్త్రికి పంపారు. ఒకటిన్నరకు తాను మేడ ఎక్కి మేస్త్రితో మాట్లాడాడు. అదే ఆఖరు చూపు. ఆపైన మూడింటి దాకా ఈ గదిలోనే ఒంటరిగా భోంచేసి కాగితాలు చూసుకున్నాడు. మూడు నుంచి నాలుగు దాటేదాకా హాలులో జనం మధ్య ఉన్నాడు. నాలుగింటికి, మేడమీద పక్కగదిలో పనిచేసుకుంటున్న పాలిష్ మేస్త్రి శవాన్ని చూసి మెట్లమీద నిలబడి పిలిస్తే జనం పైకి పరుగెత్తారు.

“ఒకటిన్నర తరువాత మీరు మళ్ళీ మేడ ఎక్కలేదు?”

“ఒక్కసారి ఎక్కితేనే మోకాళ్ళు మొరాయిస్తాయి సార్. రెండోసారి ఎక్కాలంటే పల్లకీ కావాలి.”

“పాలిష్ మేస్త్రి ఎప్పుడు వచ్చాడు?”

మధ్యాహ్నం ఒకటీ ముప్పావుకు, చేతికి ఆసిడు కాలిన గాయానికి కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళి, సరిగ్గా మూడింటికి తిరిగివచ్చాడని వేలందారు చెప్పాడు. చెబుతూ కొద్దిగా నిట్టూర్చాడు.

“జైలునుంచి వచ్చినవాడికి పని ఎవరిస్తారు సార్? నేనిచ్చాను. పాముకు పాలు పోశానని ఇప్పుడంటున్నారు అందరూ.”

ఆ ఉదారత పరిశోధకునికి ముల్లులా గుచ్చుకున్నది. తాను జైలుకు పంపినవానికి తిండి పెట్టినవాడు వీడు! ఆయన లేచి, మేడమీది గది చూస్తానన్నాడు.

*

గదిలో ఇన్‌స్పెక్టరు ముందే ఉన్నాడు. పదేళ్ళ క్రితం ఇతడు కొత్తగా చేరిన చిన్న ఉద్యోగి. పరిశోధకుని సాక్ష్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్న చేయి ఇతనిదే.

“రండి గురువుగారూ. కందకు లేని దురద కత్తికెందుకో తెలుసుకోవచ్చా?” అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే.

నిందితుని అక్క తనను కోరిందని పరిశోధకుడు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

“అంటే అప్పుడు మీరు లోపల వేసినవాణ్ణి ఇప్పుడు మీరే బయటికి లాగుతారా? దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చేసిందల్లా మీరు నేర్పిందే. ఆగిన గడియారం, ఒంటరి మనిషి. మీ మాటలు నాకింకా కంఠతా వచ్చు.”

“అందుకే వచ్చాను నాయనా. నేర్పినది సరియో కాదో చూడాలి.”

ఆ గదిలో పొడవైన బల్ల, దానిమీద చిన్న చిమటాలు, నూనెసీసాలు, వెల్వెట్ గుడ్డలు ఉన్నాయి. కిటికీ వైపున బల్లకొసపై ఒక వెల్వెట్ గుడ్డ పరచి ఉన్నది, దానిమీద వస్తువేదీ లేదు. చుట్టూ పనిముట్లు మాత్రం ఇంకా పని మధ్యలో ఉన్నట్టే అమర్చి ఉన్నాయి. నేలమీద సుద్దగీత. రథసారథి గడియారాన్ని గోడవారగా ఒక పీటపై నిలిపారు. అద్దం పగిలింది, ముళ్ళు రెండూ చెక్కుచెదరలేదు. వేలిముద్రలు తీయడం అయిందని, అన్నీ తుడిచివేసి ఉన్నాయని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. మరణించిన వేళ రెండుకూ నాలుగుకూ నడుమ అని తప్ప వైద్యుడు మరేమీ నిర్ణయించలేదు.

పరిశోధకుడు అనుమతి అడిగి, గడియారం వెనుక తలుపు తెరిచాడు. ఊడిపడిన లోలకాన్ని తగిలించాడు. ముందుకు వచ్చి, నిమిషాల ముల్లును వేలికొసతో మెల్లగా, ముప్పై అయిదు నుంచి పన్నెండు దాకా నడిపించాడు. ముళ్ళు నాలుగు గంటలు చూపాయి.

గడియారం గంట కొట్టింది. ఒకటి. రెండు. మూడు. అంతటితో ఆగింది.

“దెబ్బ తిన్నది కదా, ఒకటి మింగింది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పరిశోధకుడు ముల్లును మరొక చుట్టు తిప్పాడు. అయిదింటికి నాలుగు కొట్టింది. మరొక చుట్టు. ఆరింటికి అయిదు.

“మింగేది అయితే ఒక్కసారి మింగాలి నాయనా. ఇది మింగడం లేదు. క్రమంగా ఒక గంట వెనక నడుస్తున్నది.”

తరువాత ఆయన నెమ్మదిగా, చిన్నపిల్లవానికి అక్షరాలు దిద్దించినట్టు వివరించాడు. ఈ రకపు పాత గడియారంలో గంటలు లెక్కపెట్టే చక్రానికి ముళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. రెండు కొట్టిన తరువాత మూడు, మూడు కొట్టిన తరువాత నాలుగు. దానికి తెలిసిన విద్య అంతే. నిమిషాల ముల్లు పన్నెండుకు చేరినప్పుడల్లా అది తన వరుసలో తరువాతి లెక్క కొడుతుంది. గంటల ముల్లు మాత్రం ఇరుసుమీద బిగువుగా తొడిగినది, అంతే. దానినొక్కదానినే వేలితో జరిపితే చప్పుడు లేకుండా జరుగుతుంది. చక్రానికి ఆ వార్త అందదు.

“నిన్న పన్నెండింటికి ఇది పన్నెండు కొట్టిందని ముప్పైమంది చెప్పిన వాంగ్మూలం నీ దగ్గరే ఉన్నది. ఆ తరువాత ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. మూడు కొట్టనేలేదు. ఇది కిందపడినది రెండూ ముప్పై అయిదుకు. పడిన తరువాత ఎవరో గంటల ముల్లును ఒక్క గంట ముందుకు జరిపారు.”

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. ఆ ముల్లును తాను కూడ వేలితో తాకి చూశాడు. అది మెత్తగా కదిలింది.

“రెండూ ముప్పై అయిదుకు...” అంటూ ఆగాడు.

“నీ నిందితుడు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటున్నాడు. వారిచ్చిన చీటీ నీ ఫైలులోనే ఉండాలి.”

“ఉంది. మూడుకు ముందుదని పక్కన పడేశాను.” అతని గొంతులోని వెటకారం సగం కరిగింది; అయినా పట్టు వదలలేదు. “మరి ఎవరికి లాభం? ఈ గడియారాల మేస్త్రి పిల్లిలాంటివాడు. ఇతణ్ణి చంపాల్సిన పని ఎవరికుంది?”

ఆ ప్రశ్నకు జవాబు పరిశోధకునికి అప్పటికే తట్టింది. ఒకే నేర్పు, పదేళ్ళ ఎడంతో రెండుసార్లు. ఒక గంట ముందుకు జరిగిన ముల్లు అని ఇక్కడ తేలితే, పదకొండూ పదికి ఆగిన ఆ నెమలి సంగతేమిటి? వచ్చి వినమన్నాడు మేస్త్రి. చూడమనలేదు. ఆ మాటలోని తేడాను తన చెవి పట్టుకోలేదు.

“ఈ గుడ్డమీద ఏ వస్తువు ఉండేది?” అని బల్లకొసను చూపాడు.

ఇన్‌స్పెక్టరుకు తెలియదు.

“రా. హాలులో చూద్దాం.”

*

నెమలి గడియారం హాలులో మూడవ వరుసలో ఉన్నది. పురి విప్పిన కంచు నెమలి, దాని రొమ్ముమీద తెల్లని ముఖం. ముళ్ళు పదకొండూ పది చూపుతున్నాయి. సాక్ష్యంగా న్యాయస్థానంలో ఉండి, తరువాత సంగ్రాహకుని ఇంటికి చేరి, ఆయన పోయాక వారసులు వేలానికి పంపేదాకా దీనికి ఎవరూ తాళం తిప్పలేదు. కేటలాగులో మాత్రం ‘నడచుచున్నది’ అని ఉన్నది. పదేళ్ళ క్రితం పరిశోధకుడు బోనులో నిలబడి దీనివైపే చేయి చాచి చూపాడు.

ఆయన తాళం తిప్పి, ముల్లును పన్నెండుకు నడిపించాడు. లెక్కపెట్టడం ఇన్‌స్పెక్టరే చేశాడు, పైకి, ఒక్కొక్క అంకె పలుకుతూ. పదకొండు దగ్గర గంట ఆగిపోయింది.

“ఇది అప్పటికే తప్పు కొడుతోందేమో,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. అది ప్రత్యర్థి మాట కాదు, జాలి.

“తెలుసుకునే దారి ఒకటున్నది.”

గడియారాలు బాగుచేసేవారికి ఒక అలవాటు. తాము విప్పిన ప్రతి గడియారం వెనుకరేకు లోపలివైపు, సూదిమొనతో తేదీ, తాము కనుగొన్న దోషం గీస్తారు. యజమాని కోసం కాదు. తరువాత విప్పబోయే మేస్త్రి కోసం. పరిశోధకుడు మరలు విప్పి రేకును వెలుతురుకు ఎత్తాడు. ముందుతరాల మేస్త్రీల గీతలు పది దాకా ఉన్నాయి. అన్నిటికన్న కింద, ఇంకా మెరుస్తున్న గీతలు. సోమవారపు తేదీ. దాని కింద ఇలా ఉన్నది:

‘ముల్లు పదకొండు. గంటచక్రం పదివద్ద. దెబ్బకు జరిగినది కాదు, చేతితో జరిపినది. గంటల ముల్లుమీద గోటి గీత ఉన్నది. చెప్పవలసినవారికి చెప్పాను. వారు వచ్చేదాకా దీనిని నడపరాదు.’

ఆ చివరి రెండు వాక్యాలను పరిశోధకుడు రెండవసారి చదవలేకపోయాడు. రేకును ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. సోమవారం నుంచి గురువారం దాకా ఒక వృద్ధుడు పని ఆపుకొని తన కోసం ఎదురుచూశాడు. మంగళవారం వెళ్ళినా చాలును. బుధవారం వెళ్ళినా చాలును. శాస్త్రాలు చేసిన పాపానికి ప్రాయశ్చిత్తాలు చెప్పాయి. వెళ్ళకపోవడం అనే పాపానికి ఏ ప్రాయశ్చిత్తం చెప్పాయో ఆయన చదువుకు తట్టలేదు.

“చెప్పవలసినవారు ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నేను.”

గురువుగారు అన్న వెటకారపు పిలుపు ఆపైన ఇన్‌స్పెక్టరు నోట రాలేదు.

నెమలి మెడకు వేలాడుతున్న అట్టచీటీని పరిశోధకుడు చేతిలోకి తీసుకున్నాడు. ఈ వేలంశాలలో ఏ వస్తువు హాలులోకి వచ్చినా, మోసుకువచ్చినవారు ఆ చీటీపై వేళ వేసి సంతకం చేయాలి. యజమాని అయినా సరే. ఈ కట్టడి పెట్టినవాడు వేలందారే. ఆ కట్టడి వల్లనే తన యింట ఒక్క వస్తువు తప్పిపోలేదని గొప్పగా చెప్పుకుంటాడు. చీటీపై ఉన్నది: గురువారం, రెండూ యాభై. కింద వేలందారు సంతకం.

ముప్పై యేళ్ళుగా ఏ వస్తువు దించినా చేతులు ఖాళీ కాగానే జేబులోని కలం తీయడం ఆ చేతికి ఊపిరి తీయడంవంటిది. బుద్ధి నేరాన్ని దాస్తున్న క్షణంలోనే చేయి తన ధర్మం తాను నిర్వర్తించింది.

వేలందారును హాలులోకి పిలిపించారు. ఒకటిన్నర తరువాత మేడ ఎక్కనివాడు మేస్త్రి బల్లమీది వస్తువును రెండూ యాభైకి ఎలా దించగలిగాడని ఇన్‌స్పెక్టరు అడిగాడు. వేలందారు చీటీని చూశాడు. ఏదో చమత్కారం నోటిదాకా వచ్చినట్టే వచ్చి ఆగింది. తరువాత అతని చూపు విప్పివున్న నెమలి వెనుకరేకు మీద పడింది. దానిని అతడు విప్పి చూసుకోలేదని, అలా ఒక రాత ఉంటుందన్న ఆలోచనే రాలేదని ఆ ముఖం చెప్పింది.

“ఆ ముసలాయన నన్నే అడిగాడు,” అన్నాడు, సుత్తి దించినవాడిలా. “బొమ్మ పోయిన రోజు దీని దగ్గర ఎవరున్నారో మీకు గుర్తుందా బాబూ అని. నా మీద అనుమానం లేకుండానే అడిగాడు సార్. అడక్కుండా ఉంటే బాగుండేది.”

పదేళ్ళ క్రితం ఆ సంగ్రాహకుని ఇంటికి వస్తువుల విలువ కట్టడానికి వచ్చి, పది దాటాక వెళ్ళిపోయినవాడు ఇతడే. నాట్యగత్తె బొమ్మతో వెళ్ళాడన్నది ఇప్పుడు తేలింది. తన పాపం మోసినవానికి ఉద్యోగమిచ్చి ఆరేళ్ళుగా కళ్ళముందు ఉంచుకున్నాడు. అది భయమా, పరిహారమా అన్నది అతనికే తెలియాలి. పరిశోధకునికి అతనిపై కోపం రావలసినంత రాలేదు. తన సాక్ష్యం లేకుంటే ఆ ముల్లు వట్టి ముల్లుగానే ఉండిపోయేది.

*

వేలందారును జీపు ఎక్కించాక ఇద్దరూ అతని ఖాళీగదిలో కూర్చున్నారు. మూడున్నర దాటింది.

ఇన్‌స్పెక్టరు కొంత తటపటాయించి, లోకం తెలిసినవాడిలా చెప్పాడు. రథసారథి గడియారం, చీటీ చాలు. నెమలి జోలికి పోనక్కరలేదు. పోతే పదేళ్ళనాటి ప్రమాణం తప్పని పరిశోధకుడు తానే రాసివ్వాలి. అది రాసిన మరునాటి నుంచి ఆయన సాక్ష్యంతో శిక్షపడిన ప్రతివాడూ మళ్ళీ కోర్టు తలుపు తడతాడు. ముప్పై యేళ్ళ పేరు గంగలో కలుస్తుంది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మీరు తొక్కింది తెలియక తొక్కారు. వదిలెయ్యండి పెద్దాయనా.”

“తొక్కాను కదా నాయనా,” అన్నాడు పరిశోధకుడు. “ఒక కాగితం ఇప్పించు.”

ఆయన రాసినది ఒక పుట కూడ నిండలేదు. గడియారం చూపిన వేళను నమ్మి, గంట వినకుండా ప్రమాణం చేశానని. ఆ నేరం పాలిష్ మేస్త్రి చేయలేదని. సోమవారం నాటి పిలుపును తాను నిర్లక్ష్యం చేశానని. సంతకం చేసి ఇన్‌స్పెక్టరు వైపు జరిపాడు.

అప్పుడే ఒక కానిస్టేబులు వగరుస్తూ మెట్లెక్కి వచ్చి, ఇన్‌స్పెక్టరుకు మడిచిన కాగితం ఒకటి అందించాడు. ఇన్‌స్పెక్టరు చదివాడు. కాగితాన్ని బల్లమీద పరిచి పరిశోధకుని వైపు తిప్పాడు.

పాలిష్ మేస్త్రి నేరం ఒప్పుకున్నాడు. మూడూ ముప్పై అయిదుకు తానే గడియారం ఎత్తి కొట్టానని రాశాడు. పదేళ్ళనాటి కంచుబొమ్మ కూడ తానే తీశానని, అడగకుండానే, దాని కిందనే రాశాడు.

“ఇది చెల్లదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు వెంటనే. “మూడూ ముప్పై అయిదన్న వేళే అబద్ధం. కానీ దీని నకలు మేజిస్ట్రేటుకి వెళ్ళిందా?”

వెళ్ళిందని, పాలిష్ మేస్త్రిని కూడ కోర్టుకు బయలుదేరదీస్తున్నారని కానిస్టేబులు చెప్పాడు. ఎవరూ చేయి చేసుకోలేదని, ఒత్తిడి చేయలేదని ప్రమాణం చేశాడు. పొద్దుటినుంచి మేస్త్రి తాను చేయలేదనే అన్నాడు. మధ్యాహ్నం అక్క అన్నం తెచ్చింది. ఆమె వెళ్ళాక, తిన్న చేయి కడుక్కోకుండానే కాగితం అడిగాడు.

“ఆమె ఏం చెప్పింది?” అన్నాడు పరిశోధకుడు.

కానిస్టేబులు ఒకసారి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. చెప్పమన్నట్టు అతడు తల ఊపాడు.

“మీరు కేసులోకి వచ్చారని చెప్పిందండి. సంతోషిస్తాడనే చెప్పింది పాపం. అతనేమో ‘ఆయనా వచ్చారా? అప్పుడు కాదంటే నాలుగేళ్ళు వేశారు, ఇప్పుడు ఒప్పుకుంటే ఉరైనా తప్పుతుందేమో’ అన్నాడండి.”

పరిశోధకుడు లేచాడు. తాను రాసిన కాగితాన్ని మడవకుండా అలాగే చేతపట్టుకున్నాడు.

“కోర్టుకు ఎంతసేపు?”

“జీపు లేదు. నడిస్తే ముప్పావుగంట,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, టోపీ అందుకుంటూ. “మీరు నడవగలరా?”

ఆయన అప్పటికే మెట్లమీద ఉన్నాడు.